విత్తనాలు ఎలా ప్రయాణం చేస్తాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

మొక్కల్ని చూపించడానికి పిల్లల్నీ పెద్దల్నీ వెంటబెట్టుకుని తిరగడం నాకు చాలా ఏళ్లుగా అలవాటు. ఎవరితో వెళ్లినా విత్తనాల దగ్గరికొచ్చేసరికి అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. అందుకే అన్నీ ఒకచోట రాసిపెట్టాను. విత్తనం బయల్దేరడం దగ్గర్నుంచి నేలలో దిగేదాకా వరుసగా ఉన్నాయి కానీ, ఏ ప్రశ్నకా ప్రశ్న విడిగా చదువుకోవచ్చు. వేళ్లూనుకున్న మొక్క ఇక చోటు మారలేదు. దాని సంతానానికి దొరికేది ఈ ఒక్క ప్రయాణమే. విత్తనం మీద కనిపించే నూగు, ముల్లు, రెక్క, జిగురు చాలావరకు ఆ ప్రయాణం కోసం పుట్టినవే. వీలైతే చేతిలో ఏదో ఒక గింజ పట్టుకుని చదవండి.

## బయల్దేరక ముందు

విత్తనం తల్లి చెట్టు కిందే పడితే నష్టమేంటి? అక్కడ నేల బాగానే ఉంటుంది కదా?

నేల బాగానే ఉంటుంది, చుట్టుపక్కల పరిస్థితే బాగుండదు. పైన తల్లి నీడ, కింద తల్లి వేళ్లు, పక్కన వందల మంది తోబుట్టువులు. వెలుతురు, నీళ్లు, పోషకాలు అన్నిటికీ పోటీయే. దీనికన్నా పెద్ద సమస్య శత్రువులు. ఆ జాతి చెట్టుని తినడానికి అలవాటుపడిన పురుగులు, దానికి తెగుళ్లు తెచ్చే శిలీంధ్రాలు ఆ చెట్టు చుట్టూనే పోగై ఉంటాయి. పెద్ద చెట్టు వాటిని తట్టుకుంటుంది, రెండాకుల మొలక తట్టుకోలేదు. ఉష్ణమండల అడవుల్లో ఒకే జాతి చెట్లు పక్కపక్కనే గుంపుగా పెరగకపోవడానికి ఇదే కారణం కావచ్చని 1970లో డేనియల్ జాన్సెన్, 1971లో జోసెఫ్ కానెల్ విడివిడిగా ప్రతిపాదించారు. ఆ ఆలోచనని ఇప్పటికీ అడవుల్లో పరీక్షిస్తూనే ఉన్నారు. ఇంకో లాభం కూడా ఉంది. కూలిన చెట్టు వల్ల ఏర్పడిన ఖాళీ, వరద కొత్తగా వేసిన ఒండ్రు లాంటి చోట్లు ఎప్పుడు ఎక్కడ వస్తాయో ముందే తెలియదు. నలుదిక్కులా విత్తనాలు చల్లిన మొక్కకే అలాంటి చోటు దొరికే అవకాశం ఎక్కువ.

విత్తన వ్యాప్తి, పరాగసంపర్కం ఒకటేనా?

కాదు. పరాగసంపర్కంలో పుప్పొడి ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకి చేరుతుంది, ఆ తర్వాతే విత్తనం తయారవుతుంది. తయారైన విత్తనం తల్లిని వదిలి వెళ్లడం విత్తన వ్యాప్తి. రెండు పనులకీ ఒకే మొక్క వేర్వేరు సాయం తీసుకోవచ్చు. పువ్వు దగ్గరికి తేనెటీగ వస్తే, పండు దగ్గరికి పక్షి వస్తుంది.

ప్రయాణం చేసేది విత్తనమా, కాయా?

మొక్కని బట్టి ఉంటుంది. జిల్లేడు, మునగ, బూరుగుల్లో కాయ పగిలి లోపలి విత్తనాలు బయటికొస్తాయి. కొబ్బరిలో మొత్తం కాయే బయల్దేరుతుంది. మద్దిచెట్టు రెక్కల కాయ కూడా అంతే. గడ్డిజాతుల్లో మనం గింజ అని పిలిచేది కూడా నిజానికి కాయే, దాని తొక్క విత్తనానికి విడదీయలేనంతగా అంటుకుపోయి ఉంటుంది. కొన్ని ఎడారి ప్రాంతపు మొక్కల్లో మొక్క మొత్తం ప్రయాణం కడుతుంది. ఎండిపోయి, మొదలు దగ్గర విరిగి, బంతిలా దొర్లుతూ దారి పొడుగునా విత్తనాలు రాలుస్తుంది. ఈ తేడాలు తెలిసినా, మాట్లాడేటప్పుడు అన్నిటినీ విత్తనం అనేస్తే తప్పేమీ లేదు. నేనూ ఇక్కడ అలాగే వాడుతున్నాను.

పచ్చికాయ వగరుగా, పుల్లగా ఎందుకుంటుంది?

లోపలి విత్తనం ఇంకా తయారు కాలేదు కాబట్టి. ఆ దశలో ఎవరైనా తింటే మొక్కకి నష్టం. అందుకే వగరు, పులుపు, కొన్నిట్లో విషం కూడా కాపలా ఉంటాయి. ఆకుల్లో కలిసిపోయే ఆకుపచ్చ రంగు కూడా కాపలాలో భాగమే. విత్తనం ముదిరాక ఇథిలీన్ లాంటి హార్మోన్లు పని మొదలుపెడతాయి. పిండిపదార్థం చక్కెరగా మారుతుంది, గుజ్జు మెత్తబడుతుంది, రంగు తిరుగుతుంది, వాసన వస్తుంది. ఇప్పుడు తినొచ్చు అని చెట్టు కబురు పంపినట్టే.

గింజని చూసి అది ఎలా ప్రయాణిస్తుందో చెప్పొచ్చా?

చాలాసార్లు చెప్పొచ్చు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న ఇదే. పట్టులాంటి నూగో పల్చని రెక్కో ఉంటే గాలి. పీచు, బెండులాంటి తేలికపాటి పొర, లోపల గాలి గది ఉంటే నీళ్లు. కొక్కెం, ముల్లు, జిగురు ఉంటే జంతువు ఒళ్లు. గుజ్జు మధ్య నున్నటి గట్టి గింజ ఉంటే ఎవరిదో కడుపు. గింజ కొసన తెల్లని మెత్తటి బుడిపె ఉంటే చీమలు. ఇవేమీ లేకుండా కాయ గోడలే బిగుసుకుని ఉంటే, ముట్టుకుని చూడండి, అది పేలుతుంది. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. ఒక్క విత్తనానికి ఒక్క దారే ఉండాలని లేదు. పక్షి రాల్చిన గింజని చీమ మోయొచ్చు, గాలికి ఎగిరింది వాగులో పడి ఇంకా దూరం పోవచ్చు.

## గాలిలో

జిల్లేడు దూది అంతసేపు గాల్లో ఎలా ఉండగలుగుతుంది?

ముందు ఒక ముదిరిన జిల్లేడు కాయని పక్క గీత వెంట మెల్లగా తెరిచి చూడండి, పాలు కళ్లలో పడకుండా మాత్రం జాగ్రత్త. లోపల చదునైన గోధుమరంగు గింజలు చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. ప్రతి గింజ కొసనా తెల్లటి పట్టుపోగులు తడిసిన కుంచెలా అతుక్కుని ఉంటాయి. కాసేపు ఎండ తగిలితే ఆ కుచ్చు విచ్చుకుంటుంది. ఒక్కో పోగూ పక్కదానికి దూరం జరుగుతూ గుండ్రటి గొడుగవుతుంది. చివరికి గింజ చెయ్యి మీద నుంచి తనంతట తానే లేస్తుంది. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

పోగులు ఎక్కువ కావడం వల్ల బరువుతో పోలిస్తే గాలిని అడ్డుకునే భాగం చాలా ఎక్కువవుతుంది, అందుకే కిందికి దిగడం ఆలస్యమవుతుంది. ఇలాంటిదే అయిన డాండిలయన్ విత్తనం మీద ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో చేసిన పరిశోధన 2018లో వెలువడింది. దాని గొడుగులో దాదాపు 100 పోగులుంటాయి, మధ్యలో అంతా ఖాళీయే. ఆ ఖాళీల్లోంచి కొంత గాలి పైకి పోవడం వల్ల గొడుగుకి కాస్త పైన ఉంగరంలాంటి గాలి సుడి ఒకటి విడిగా నిలుస్తుంది. ఆ సుడి విత్తనం మీద పైకి లాగినట్టు పనిచేస్తుంది. అదే బరువుతో, ఖాళీల్లేని చిన్న బిళ్ల అయితే అంత నెమ్మదిగా దిగలేదు.

రెక్కల విత్తనాలు గిరగిరా ఎందుకు తిరుగుతాయి?

రెక్క ఒకవైపే ఉండి, గింజ బరువు రెండో కొసన ఉండటం వల్ల. పడటం మొదలవగానే విత్తనం తిరుగుడు అందుకుంటుంది. తిరిగే రెక్క ముందు అంచు మీద చిన్న సుడి ఏర్పడి దాన్ని పైకి ఎత్తిపడుతుంది. మేపుల్ విత్తనాల మీద ఈ సంగతి 2009లో తేల్చారు. గాల్లో నిలబడటానికి కీటకాలు, గబ్బిలాలు వాడే కిటుకూ ఇలాంటిదే. దిగడం ఎంత ఆలస్యమైతే పక్కగాలి అంత దూరం తోస్తుంది.

అన్ని రెక్కలూ ఒకేలా పనిచేయవు. మునగ గింజకి మూడు కాగితపు రెక్కలుంటాయి. వేగి కాయకి చుట్టూ బిళ్లలా రెక్క ఉంటుంది. ఆగ్నేయాసియా దీవుల అడవుల్లో ఆల్సొమిట్రా అనే తీగ ఉంది. దాని విత్తనానికి అటూ ఇటూ కలిపి 13 సెంటీమీటర్లకి పైగా పరుచుకునే పల్చని రెక్క. అది తిరగదు, గాలిపటంలా జారుకుంటూ పోతుంది. దాన్ని చూసే ఆస్ట్రియాకి చెందిన ఇగో ఎట్రిచ్ తన తొలి విమానాల రెక్కలకి రూపం ఇచ్చాడు.

రెక్కా దూదీ లేని విత్తనాలు కూడా గాలికి ఎగురుతాయా?

తగినంత చిన్నవైతే ఎగురుతాయి. ఆర్కిడ్ విత్తనాలు దుమ్ములా ఉంటాయి. ఒక్కోటి గ్రాములో పది లక్షల వంతు బరువు తూగేవి కూడా ఉన్నాయి. కొన్ని జాతుల్లో ఒక్క కాయలోనే పది లక్షలకి మించి విత్తనాలుంటాయి. ఈ తేలికతనానికి అవి పెద్ద మూల్యమే చెల్లిస్తాయి. మొలకకి పెట్టుబడిగా లోపల ఆహారం దాదాపు ఏమీ ఉండదు. పడినచోట సరైన శిలీంధ్రం దొరికి, అది ఆహారం అందిస్తేనే మొలక బతుకుతుంది. అందుకే అన్ని లక్షల్లో నిలదొక్కుకునేవి ఏ ఒకటో రెండో.

గాలికి విత్తనం ఎంత దూరం వెళ్తుంది?

ఎక్కువ భాగం తల్లికి కొద్ది మీటర్ల దూరంలోనే పడిపోతాయి. చెట్టు ఎత్తు, ఆ క్షణంలో వీచే గాలి, చుట్టూ ఉన్న అడ్డంకులు దూరాన్ని నిర్ణయిస్తాయి. పైకి లేచే వేడిగాలిలో చిక్కుకున్న కొద్ది విత్తనాలు మాత్రం కిలోమీటర్లు పోతాయి. కొత్త ప్రాంతాల్లో జాతి కాలు మోపేది ఆ కొద్దిపాటి వాటివల్లే కాబట్టి, సగటు దూరం చూసి మోసపోకూడదు.

## నీటి మీద

కొబ్బరికాయ నిజంగా సముద్రం దాటుతుందా?

దాటగలదు. నీరు పట్టని పైతొక్క, గాలి నిండిన పీచు, గట్టి చిప్ప, లోపల మొలకకి సరిపడా నీళ్లూ ఆహారమూ, అన్నీ దూర ప్రయాణానికి సిద్ధం చేసుకున్న మూటే. మూడు నెలలకి పైగా ఉప్పునీటిలో తేలిన కాయలు కూడా మొలకెత్తాయి. అయితే ప్రపంచమంతా కనిపించే కొబ్బరిచెట్లన్నీ అలలు తెచ్చినవే అనుకుంటే పొరపాటు. 2011లో వెలువడిన జన్యు పరిశోధనలో సాగు కొబ్బరి రెండు పెద్ద కుదుళ్లుగా తేలింది, ఒకటి పసిఫిక్ వైపు, ఒకటి హిందూ మహాసముద్రం వైపు. అవి ఎక్కడెక్కడ కలిశాయో చూస్తే పాతకాలపు ఓడ ప్రయాణాలు కనిపిస్తాయి. అలలు కొంత మోశాయి, మనుషులు చాలా మోశారు.

ఉప్పునీళ్లలో విత్తనం చచ్చిపోదా?

ఈ అనుమానమే 1850లలో చార్లెస్ డార్విన్‌కి వచ్చింది. సముద్రం మధ్య దీవుల మీదికి మొక్కలెలా చేరాయో తేల్చుకోవాలని ఇంట్లోనే రకరకాల విత్తనాల్ని ఉప్పునీళ్లలో నానబెట్టాడు. 87 రకాల్లో 64 రకాలు 28 రోజుల తర్వాత కూడా మొలకెత్తాయి. కొన్ని 137 రోజులు తట్టుకున్నాయి. ఆయనకి ఎదురైన అసలు చిక్కు ఇంకొకటి: బతికున్న విత్తనాలు చాలావరకు మునిగిపోయేవి. ఎండిన కొమ్మలతో, కాయలతో కలిపి వేస్తే ఎక్కువకాలం తేలాయి.

మడచెట్ల విత్తనం చెట్టు మీదే ఎందుకు మొలకెత్తుతుంది?

కింద బురద, ఉప్పునీళ్లు, రోజూ వచ్చిపోయే పోటూ పాటూ. అలాంటి చోట చిన్న గింజ కుదురుకోవడం కష్టం. కొన్ని మడచెట్లలో విత్తనం తల్లి మీద ఉండగానే మొలకెత్తి, పొడుగాటి ఆకుపచ్చ కడ్డీలా వేలాడుతుంది. ఊడిపడినప్పుడు నీళ్లు లేకపోతే బురదలో నిలువుగా గుచ్చుకోవచ్చు. నీళ్లుంటే తేలిపోతుంది. వారాలపాటు తేలాక కింది కొస బరువెక్కి నిటారుగా నిలబడుతుంది, లోతు తగ్గినచోట కొస నేలకి తగలగానే వేళ్లు వేస్తుంది.

తామర గింజలు ఎలా వెళ్తాయి?

తామర కాయ స్పాంజిలాంటి గిన్నె. గింజలు దాని గుంటల్లో వదులుగా ఉంటాయి. గిన్నె వంగి, విరిగి నీటిలో తేలుతూ గింజల్ని జారవిడుస్తుంది. గింజ పెంకు మాత్రం మహా గట్టిది. చైనాలో ఎండిపోయిన చెరువు అడుగున దొరికిన ఒక తామర గింజ దాదాపు 1300 ఏళ్ల వయసులో మొలకెత్తింది.

## పక్షులు, జంతువుల వెంట

పక్షి పండు తింటే లోపలి విత్తనం అరిగిపోదా?

పండు తినే పక్షులు సాధారణంగా గుజ్జు మాత్రమే అరిగించుకుంటాయి, గట్టి పెంకు వల్ల గింజ అలాగే బయటికొస్తుంది. పైన గుజ్జు పోవడం కూడా మేలే. చాలా పండ్ల గుజ్జులో మొలకని ఆపే పదార్థాలు ఉంటాయి, గుజ్జు మిగిలితే బూజు పడుతుంది. చిలకలు, పావురాలు లాంటివి మాత్రం గింజల్నే నలిపి తింటాయి కాబట్టి అన్ని పక్షుల్నీ ఒకే గాటన కట్టకండి. చిన్న పక్షి కడుపులో గింజ ఉండేది అరగంటో గంటో. ఏనుగు కడుపులో రోజులు. దక్షిణాఫ్రికాలో ఏనుగులు విత్తనాల్ని 65 కిలోమీటర్ల దాకా మోసుకెళ్లగలవని 2017 నాటి పరిశోధన చెప్పింది. పైగా గింజ పడేది పేడ ఎరువులో.

కొన్ని పండ్లు ఎర్రగా, కొన్ని పండినా ఆకుపచ్చగానే ఎందుకుంటాయి?

పండు ఎవరిని పిలుస్తోందన్న దాన్ని బట్టి. పక్షులకి రంగు బాగా కనిపిస్తుంది, వాసన మీద వాటి ఆధారం తక్కువ. అందుకే పక్షుల పండ్లు ఎక్కువగా ఎర్రగా, నల్లగా, చిన్నగా ఉంటాయి. గబ్బిలాలు రాత్రి తిరుగుతాయి, వాటికి రంగుతో పని లేదు. వాటికోసం ఉన్న పండ్లు ఎక్కువగా ఆకుపచ్చగానే ఉండి, ఘాటుగా వాసన కొడుతూ, ఆకుల మధ్యలోంచి బయటికి వేలాడుతూ ఉంటాయి.

జంతువులు తినాలనే పండు ఉంటే, మిరపకాయకి కారం ఎందుకు?

తినేవాళ్లని ఏరుకోవడానికి. క్షీరదాలకి కారం మంట పుట్టిస్తుంది, పక్షులకి ఆ మంట తెలియదు. వాటి నరాల్లో వేడిని పసిగట్టే అణువు కారంలోని క్యాప్సైసిన్‌కి స్పందించదు. అరిజోనాలో అడవి మిరప మీద చేసిన పరిశోధన 2001లో వచ్చింది. ఎలుకజాతి జంతువులు తిన్న గింజలు నలిగిపోయి ఒక్కటీ మొలవలేదు, పక్షి తిన్నవి మొలిచాయి. అంటే గింజని నమిలేసేవాళ్లని కారం దూరం పెడుతోంది, మింగి మోసుకెళ్లేవాళ్లని రానిస్తోంది. తర్వాత బొలీవియాలో చేసిన పనిలో ఇంకో ఉపయోగం బయటపడింది. పురుగులు పొడిచిన రంధ్రాల్లోంచి దూరే శిలీంధ్రం నుంచి కూడా కారం గింజల్ని కాపాడుతుంది.

తాటిచెట్టు నెత్తిన మర్రి ఎలా మొలిచింది?

మర్రిపండు తిన్న పక్షి తాటిమట్టల మీద వాలి రెట్ట వేసింది. మట్టల మొదళ్లలో చేరిన దుమ్ము, ఎండుటాకుల పొడి, కాస్త తడి ఆ చిన్న గింజకి చాలు. అక్కడ మొలిచి వేళ్లు కిందికి దింపుతుంది. కింద నీడలో మొలిస్తే దొరకని వెలుతురు పైన మొదటి రోజు నుంచే దొరుకుతుంది. కొన్నేళ్లకి వేళ్లు తాటిమానుని చుట్టేస్తాయి.

బదనిక కథ దీనికన్నా విచిత్రంగా ఉంటుంది. దానికి నేల పనికిరాదు, ఇంకో చెట్టు కొమ్మే కావాలి. అందుకే గింజ చుట్టూ బంకలాంటి జిగురు ఉంటుంది. తిన్న పిట్ట కడుపులోంచి బయటికొచ్చినా ఆ జిగురు పోదు, పిట్టకే అంటుకుని వేలాడుతుంది. వదిలించుకోవడానికి పిట్ట కొమ్మకి రాసుకుంటుంది. గింజ చేరాల్సిన చోటు సరిగ్గా అదే.

నడిచొస్తే బట్టలకి అంటుకునే కాయలు ఎందుకంత మొండిగా ఉంటాయి?

ఒక ఉత్తరేణి కంకి తీసుకుని పైనుంచి కిందికి వేలితో రాయండి, నున్నగానే ఉంటుంది. కింది నుంచి పైకి రాస్తే వేలికి గుచ్చుకుంటుంది. కాయలన్నీ కొసలు కిందికి పెట్టి కాడకి ఆనుకుని ఉంటాయి. పక్కనుంచి పోయే కాలో తోకో తగిలితే కాయ కాడని వదిలేసి బొచ్చుని పట్టుకుంటుంది. మరులమాతంగి కాయ నిండా కొక్కేలే. అటికమామిడి కాయలకి జిగురు. పల్లేరుకాయ ముక్కలైతే ఎటు తిరిగి పడినా ఒక ముల్లు పైకి నిలబడి ఉంటుంది, అది గిట్టలకీ పాదాలకీ.

1941లో స్విట్జర్లాండ్ ఇంజనీరు జార్జ్ డి మెస్ట్రాల్ తన కుక్క ఒంటికి పట్టిన బర్డాక్ అనే మొక్క కాయల్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూశాడు. ఆ కొక్కేల నుంచే చెప్పులకీ సంచులకీ వాడే అతుకుడు పట్టీ, వెల్క్రో పుట్టింది, 1955లో పేటెంటు వచ్చింది. పండులా వీటికి ఇచ్చేది ఏమీ లేదు, ఎక్కిన బండికి ఛార్జీ కట్టవు. కానీ దూరం మాత్రం బాగా పోతాయి, ఎందుకంటే జంతువు ఎప్పుడు దులుపుకుంటే అప్పుడే దిగుతాయి.

చీమలు మోసుకెళ్లిన గింజలు తినేస్తాయా?

గింజలు తినే చీమలూ ఉన్నాయి. కానీ కనీసం 11,000 జాతుల పూలమొక్కలు చీమలతోనే విత్తనాలు మోయించుకుంటున్నాయని అంచనా. ఆముదం గింజ కొసన తెల్లటి బుడిపె చూశారా? అందులో కొవ్వు ఉంటుంది. చీమ గింజని పుట్టకి లాక్కెళ్లి, బుడిపె తినేసి, గట్టి గింజని చెత్త పడేసే గదిలో వదిలేస్తుంది. గింజకి ఎండ నుంచి, నిప్పు నుంచి, ఎలుకల నుంచి రక్షణ దొరుకుతుంది. దూరం కొద్ది మీటర్లే, అయినా చోటు మంచిది. ఆముదం కాయ ముందు చిట్లి గింజని విసురుతుంది, మిగిలిన దారి చీమ చూసుకుంటుంది.

మోసం చేసేవీ ఉన్నాయి. దక్షిణాఫ్రికాలో సెరటోకేర్యం అనే మొక్క గింజలు రూపంలోనూ వాసనలోనూ జింకజాతి జంతువుల పెంటికల్లా ఉంటాయి. పేడపురుగులు వాటిని దొర్లించుకుపోయి పాతిపెడతాయి. తినడానికి అందులో ఏమీ దొరకదు. ఇది 2015లో బయటపడింది.

ఉడుతలు, పక్షులు దాచిపెట్టి మర్చిపోయిన గింజలే చెట్లవుతాయా?

కొన్ని చెట్లకి అదే ముఖ్యమైన దారి. కాకిజాతికి చెందిన జే పక్షి ఒక్క శరదృతువులోనే వేల ఓక్ గింజల్ని విడివిడిగా నేలలో పాతుతుంది. చాలావాటి చోటు గుర్తుపెట్టుకుని తిరిగి తింటుంది, మిగిలినవి మొలుస్తాయి. 1899లో క్లెమెంట్ రీడ్ ఒక లెక్క వేశాడు. మంచుయుగం తర్వాత ఓక్ చెట్లు బ్రిటన్ ఉత్తరానికి చేరడానికి, గింజలు రాలిన చోటే మొలుస్తూ పోతే, దాదాపు పది లక్షల ఏళ్లు పడుతుంది. కానీ పట్టింది కొన్ని వేల ఏళ్లే. మోసింది పక్షులేనని ఆయన భావించాడు.

## తనంతట తానే

కాయలు ఎలా పేలతాయి?

రెండు పద్ధతులు ఎక్కువ. బాల్సం (కాశీతుంబ) కాయ పచ్చిగా, నీళ్లతో ఉబ్బి ఉంటుంది. ముట్టుకుంటే ఐదు గోడలూ విడిపోయి రెప్పపాటులో లోపలికి చుట్టుకుంటాయి, గింజలు ఎగిరిపోతాయి. కొన్ని చిక్కుడు జాతి కాయల్లో ఎండేకొద్దీ రెండు గోడలూ చెరోవైపు మెలితిరగాలని చూస్తాయి. అతుకు ఓడిపోగానే టప్పుమంటుంది.

ఎండిన టపాకాయ మొక్క కాయని నీళ్లలో వేసి చూడండి. కాసేపటికి కొస తడిసి అతుకు వదులవుతుంది, కాయ పటుక్కున పగిలి గింజలు మొహం మీదికి వస్తాయి. వాన పడిన రోజునే గింజలు నేల చేరాలన్నది ఇందులో ఏర్పాటు. ఈ కుటుంబపు మొక్క ఒకదాని గింజలు సెకనుకి 1,660 సార్ల దాకా తిరుగుతూ 7 మీటర్ల వరకు వెళ్తాయని 2018లో కొలిచారు. బిళ్లలా తిరగడం వల్ల గాలి అడ్డు తగ్గుతుంది. పెద్ద చెట్లలో హ్యూరా కాయ పేలితే గింజలు 45 మీటర్ల దాకా పడతాయి. మధ్యధరా ప్రాంతపు చిమ్ముదోస అయితే కాడ ఊడగానే నీళ్లతో సహా గింజల్ని పిచికారీ కొడుతుంది.

వేరుశనగ కాయల్ని భూమిలో ఎందుకు దాచుకుంటుంది? అలా అయితే వ్యాప్తి ఎక్కడ?

వేరుశనగ పువ్వు పైనే పూస్తుంది. ఫలదీకరణ తర్వాత ఊడ కిందికి దిగి నేలలో దూరి, అక్కడ కాయ కడుతుంది. తల్లి బతికిన చోటు మంచిదని ఇప్పటికే రుజువైంది కాబట్టి అక్కడే నాటడమూ ఒక పద్ధతే. దూరం వెళ్లడం ఎప్పుడూ లాభమే కాదు. ఫ్రాన్స్‌లోని మోంపెల్లియేలో కాలిబాటల పక్క చిన్న మట్టిగళ్లల్లో పెరిగే క్రెపిస్ అనే మొక్క రెండు రకాల విత్తనాలు వేస్తుంది, గొడుగువి, బరువువి. గొడుగువి చాలావరకు సిమెంటు మీద పడి పాడవుతాయి. అక్కడి మొక్కల్లో కొద్ది తరాల్లోనే బరువు విత్తనాల వాటా పెరిగిందని 2008లో తేలింది.

## నేల చేరాక

పైన పడిన గింజ నేలలోకి ఎలా దిగుతుంది?

కొన్నిటిని వాన, పగుళ్లు, పశువుల గిట్టలు దించుతాయి. కొన్ని సొంతంగా తవ్వుకుంటాయి. అడవి గోధుమ గింజకి రెండు మీసాలుంటాయి. రాత్రి చెమ్మకి నిటారవుతూ, పగటి ఎండకి వంగుతూ, ఈత కొట్టే కాళ్లలా కదిలి గింజని లోపలికి తోస్తాయి. మీసం మీది సన్నని నూగు వెనక్కి రానివ్వదు. కొన్ని గడ్డిగింజల మీసం మెలిపెట్టిన తాడులా ఉంటుంది. నోటి ఆవిరి తగిలిస్తే చేతిలోనే తిరగడం చూడొచ్చు.

మొలకెత్తకుండా విత్తనం ఎన్నాళ్లు బతుకుతుంది?

కొన్ని వారాలు కూడా ఆగలేవు, ముఖ్యంగా తడి ఆరితే చచ్చిపోయే అడవిచెట్ల గింజలు. కొన్ని తరాలు దాటుతాయి. 1879లో అమెరికాలోని మిషిగన్‌లో విలియం బీల్ 21 రకాల గింజల్ని, ఒక్కో రకం 50 చొప్పున, ఇసుకతో కలిపి 20 సీసాల్లో నింపి పాతిపెట్టాడు. ఒక్కో సీసా తీసి నాటుతూ వస్తున్నారు. 2021లో తీసిన సీసాలో కూడా వెర్బాస్కం అనే కలుపుమొక్క మొలిచింది, 142 ఏళ్ల తర్వాత. ఇజ్రాయెల్‌లోని మసాడా కోట తవ్వకాల్లో దొరికిన, సుమారు 2000 ఏళ్ల నాటి ఖర్జూరం గింజ 2005లో మొలకెత్తి చెట్టయింది. ప్రయాణం అంటే దూరమే అనుకుంటాం. ఇలాంటి విత్తనాలు ప్రయాణించింది కాలంలో.

మోసే జంతువే అంతరించిపోతే ఆ చెట్టు గతేంటి?

డోడో పక్షి పోవడం వల్ల మారిషస్‌లో టాంబలకోక్ చెట్టు మొలవడం ఆగిపోయిందన్న కథ చాలామంది విన్నారు. 1977లో స్టాన్లీ టెంపుల్ ఆ వాదన చేశాడు. తర్వాత చూస్తే డోడో పోయాక పుట్టిన చెట్లూ ఉన్నాయి, కడుపులోకి వెళ్లని గింజలూ మొలిచాయి. కాబట్టి ఆ కథని అంత సూటిగా నమ్మొద్దు. అవకాడో సంగతి వేరు. అంత పెద్ద గింజని మింగగల జంతువు ఇప్పుడు దాని సొంతగడ్డ మీద లేదు. అంతరించిన ఏనుగుజాతి జీవులు, స్లోత్ అనే ఆకులు తినే జంతువుల్లో భారీ రకాలు మోసేవని 1982లో జాన్సెన్, మార్టిన్ రాశారు. అలాంటి చెట్లు వెంటనే పోవు. పెద్ద చెట్లు నిలబడే ఉంటాయి, కింద మొలకలు కరువవుతాయి. నన్ను కలవరపెట్టేది ఇదే. ఏనుగులు, పెద్దముక్కు పక్షులు, గబ్బిలాలు తగ్గిన అడవి పైకి పచ్చగానే కనిపిస్తుంది.

మనుషులు కూడా విత్తనాలు మోస్తారా?

అందరికన్నా ఎక్కువ. నాటేవి ఒక ఎత్తు, తెలియకుండా మోసేవి ఒక ఎత్తు. వయ్యారిభామ అమెరికా ఖండాల నుంచి వచ్చింది. ధాన్యంలో, పశుగ్రాసంలో, బండి చక్రాల బురదలో ప్రయాణిస్తూనే ఉంది. సర్కారు తుమ్మని కావాలని తెచ్చి నాటారు, ఆ తర్వాత కాయలు తిన్న మేకలు, పశువులు దాన్ని ఊరూరా చల్లాయి. అడవిలోకి వెళ్లేముందూ వచ్చాకా చెప్పులు, సాక్సులు, టైర్లు దులిపితే చాలా మేలు.

ఇదంతా సొంతంగా చూడాలంటే ఏం చేయాలి?

రెండు పనులు చెప్తాను, ఖర్చు లేనివి. మొదటిది, పాత ఉన్ని సాక్సులు బూట్ల మీదుగా తొడుక్కుని, వర్షాకాలం పోయాక గడ్డిలో అరగంట నడవండి. అంటుకున్నవన్నీ తీసి భూతద్దంతో చూసి, కొక్కెం, ముల్లు, జిగురు అని వేరుచేయండి. తర్వాత ఆ సాక్సుని తడి మట్టి మీద పరిచి ఉంచితే ఏమేం మొలుస్తాయో చూడొచ్చు. వచ్చినవి కలుపుమొక్కలైతే బయట పారేయకండి.

రెండోది డార్విన్ చేసినదే. చెరువు ఒడ్డున మూడు చోట్ల నుంచి మూడు చెంచాల బురద తెచ్చి, కప్పులో మూతపెట్టి, ఆరు నెలలపాటు మొలిచిన ప్రతి మొక్కనీ పీకి లెక్కపెట్టాడు. మొత్తం 537. నీటి పక్షుల కాళ్లకి అంటే బురద ఎన్ని మొక్కల్ని మోయగలదో తేల్చడానికి ఆయన చేసిన పని అది. మీరు వెడల్పాటి పళ్లెం వాడండి, తడి ఆరనివ్వకండి, మొలకని పీకిన రోజున తేదీ రాసిపెట్టుకోండి. మొదటి వారంలో ఏమీ రాకపోతే పారేయొద్దు, కొన్ని ఆలస్యంగా లేస్తాయి.